బొట్టు పెట్టిన చోటల్లా బాక్సు

ఉమాకాంతం గారి మీద నాకేమీ కోపం లేదని రాయమంది మా ఇంటిది. పెద్దమనిషి, పేరెత్తకుండా ఒదిలేయమంది. కోపం ఉంది. అంచేత పేరుతోనే మొదలుపెడుతున్నాను. జి. ఉమాకాంతం, ప్రాజెక్టు అధికారి, నిశ్శబ్ద పట్టణ విభాగం, మా ఊరి మునిసిపాలిటీ. ఆయన నా గ్యారేజీ నెత్తిన ఉన్న వాటాలోకి ఆఫీసుతో సహా అద్దెకి దిగాడు. ఆయన దిగిన దగ్గర్నుంచీ నా గ్యారేజీ కప్పు కూడా దిగడం మొదలుపెట్టింది.

గ్యారేజీ బైపాసు రోడ్డు మీద, లారీల స్టాండుకి ఎదురుగా ఉంది. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, ఎవడి షెడ్డులోనో నట్లూ బోల్టులూ కిరసనాయిల్లో కడుగుతూ పెరిగిన మనిషిని నేను. చాలా ఏళ్లు కారు కింద వెల్లకిలా పడుకునే పనిచేశాను. కళ్లలో ఆయిలు, వీపు కింద గులకరాళ్లు. సొంత జాగా కొనుక్కుని కట్టుకున్నప్పుడు మాత్రం స్లాబు పధ్నాలుగు అడుగుల ఎత్తున వేయించాను. మేస్త్రీ నవ్వి, ఇది గ్యారేజీయా సినిమా హాలా అన్నాడు. కారుని లిఫ్టు మీద పైకెత్తితే దాని కింద మనిషి నిటారుగా నిలబడి పనిచేసుకోవాలి. నా దగ్గర పనిచేసేవాడు ఎవడూ నేల మీద పడుకోకూడదు. అదొక్కటే నా పంతం. మా హెడ్ మెకానిక్ ఖాదర్ నా దగ్గర చేరినప్పుడు, నిలబడి పనిచెయ్యడం అలవాటు లేక మొదటి వారమంతా కాళ్లు పీకాయన్నాడు.

ఆ ఏడాది పట్టణాలకి నిశ్శబ్దంలో ర్యాంకులు ఇస్తారని పైనుంచి కబురొచ్చింది. మా చైర్మన్ గారు మొదటి ర్యాంకు మనదేనని మైకు పెట్టి చెప్పారు. మర్నాటి నుంచి పాలవాడు గంట కొట్టకుండా గుమ్మం ముందు నిలబడి చెయ్యూపాలి. బడిలో పిల్లలు ఎక్కాలు మనసులో చదవాలి, మేష్టారు వాళ్ల ముఖాలు చూసి తప్పెవడు చదివాడో పట్టుకోవాలి. పెళ్లి మేళం వాళ్లు సన్నాయి నోట్లో పెట్టుకుని వేళ్లు ఆడించుకుంటూ ఊరేగింపు ముందు నడిచారు. ఇవన్నీ నేను కళ్లారా చూశాను, నవ్వాను. నా వంతు రాలేదు గనక నవ్వొచ్చింది.

నా వంతు నా సొంత మేడమెట్లు దిగి వచ్చింది. శబ్దం పుట్టే ప్రతి దుకాణం పైకప్పుకీ జిప్సం షీట్లతో సీలింగు వేయించాలనీ, మొదటి ప్రయోగం నా గ్యారేజీలోననీ ఉమాకాంతం గారు చెప్పారు. శబ్దం పక్కకి కూడా పోతుంది కదండీ, పైకప్పుకేనా అని అడిగాను. గోడలు రెండో దశలో ఉన్నాయన్నారు. చేయించకపోతే ఏటి అన్నాను. లైసెన్సు ఈసారి తిరిగి రాయరన్నారు. లైసెన్సు లేకపోతే గ్యారేజీ లేదు. సరేనన్నాను.

సీలింగంటే దానికి కరెంటు సంగతి ఒకటుంటుంది. నా స్లాబులో లైట్లకీ ఫ్యాన్లకీ తీగలు కలిపే బాక్సులు ఆరున్నాయి. కింద షీటు బిగిస్తే అవి లోపల ఉండిపోతాయి. ఎక్కడెక్కడ ఉన్నాయో షీటు మీద గుర్తు పెట్టుకుని, బిగించాక అక్కడ గుండ్రంగా కోసి, బాక్సుని సీలింగు మట్టానికి దించాలి. ఈ పని మా వీధి ఎలక్ట్రీషియన్ పైడయ్యకి ఒప్పచెప్పాను. షీట్లన్నీ గోడకి ఆనించి ఉన్నాయి. పైడయ్య టేపు పట్టి కొలుచుకుని, తెల్ల షీటు మీద సుద్దముక్క కనబడదని, చెవి మీద పెన్సిలు ఎక్కడో పడిపోయిందని, మా గ్యారేజీలో దుర్గమ్మ పటం దగ్గరున్న కుంకం తీసుకుని ఆరు చోట్ల ఆరు బొట్లు పెట్టాడు. పెట్టి, టీకి వెళ్లాడు.

అతను వెళ్లిన కాసేపటికే చైర్మన్ గారు ప్రారంభోత్సవానికి వచ్చేశారు. పదకొండింటికి అన్నవారు తొమ్మిదిన్నరకే వచ్చారు, ముహూర్తం ముందుకి జరిపారట. వెంట పంతులు గారు. కొబ్బరికాయ చప్పుడు కాకుండా గోనె సంచిలో పెట్టి కొట్టారు. పంతులు గారు కుంకం ఏదీ అని అటూ ఇటూ చూసి, అదే దుర్గమ్మ పటం దగ్గర కుంకం తీసుకుని, గోడకి ఆనించిన పాతిక షీట్లకీ వరసగా ఒక్కో బొట్టు పెట్టుకుంటూ వెళ్లారు. చైర్మన్ గారు మొదటి షీటుకి చెయ్యి ఆనించారు, ఫొటో తీశారు. వడ్రంగులు ఆ ఊపులోనే షీట్లన్నీ ఎత్తి బిగించేశారు.

పైడయ్య వచ్చి నిచ్చెనెక్కి తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏటి బావూ ఇది. ఏ బొట్టు నాదో, ఏ బొట్టు పంతులుగారిదో తెలడం నేదు."

కొలిచిన లెక్కలు గుర్తున్నాయా అంటే, గుర్తుంటే బొట్టెందుకు పెడతానన్నాడు. షీట్లు విప్పించుదామన్నాను. చైర్మన్ గారు ప్రారంభించిన షీటు విప్పడమంటే ప్రారంభోత్సవాన్ని రద్దు చేసినట్టని ఉమాకాంతం గారు అడ్డుపడ్డారు. ఇక మిగిలింది ఒక్కటే. పైడయ్య బొట్టు పెట్టిన చోటల్లా కోశాడు. ముప్పై ఒక్క కంతలు. ఆరింటిలో బాక్సులు దొరికాయి. ఖాదర్ కింద నిలబడి పైకి చూసి, అన్నా, ఇడ్లీ రేకులాగుంది అన్నాడు.

మిగతా పాతిక కంతలకీ ముక్కలు అతికించి పూత పూసేద్దామనుకున్నాను. ఆ మధ్యాహ్నమే విద్యుత్ భద్రత తనిఖీ అధికారి ధర్మలింగం గారు వచ్చారు. మనిషి మెత్తన. ప్రతి మాటా అచ్చులో చదువుతున్నట్టు పలుకుతారు. ఆయన చెప్పిందేమిటంటే, తీగలున్న సీలింగులో తెరిచిన కంతకి అతుకు వేయడం అంటే మరుగుపరచడం. మరుగుపరచడం నేరం. కంత ఉన్నచోట బాక్సు ఉండి తీరాలి. పాతిక బాక్సులు కొత్తగా పెట్టించాను. ఆయన మళ్లీ వచ్చి ఒక్కొక్కటీ మూత తీసి చూసి, ఇందులో ఏమీ లేదే అన్నారు. లేదండి, మీరు పెట్టమన్నారని పెట్టాను అన్నాను.

"ఖాళీ బాక్సు అనగా దొంగ కనెక్షను నిమిత్తం ముందస్తుగా సిద్ధపరచుకున్నట్లు భావించవలసి ఉంటుంది సింహాచలం గారూ. దయచేసి భావించనివ్వకండి."

భావించనివ్వకుండా ఉండడానికి ముప్పై ఒక్క బాక్సులకీ లైట్లు బిగించాను. మీట నొక్కితే గ్యారేజీ పెళ్లిపందిరిలా వెలిగింది. ఆటోవాళ్లు లోపల ఏదో వేడుకనుకుని చెప్పులు బయట విడిచి వచ్చేవారు. ఇంత వెలుగు వాడేవాడు చిన్న వ్యాపారి కాడని కరెంటు ఆఫీసువాళ్లు నన్ను పెద్ద వ్యాపారుల వరసలో చేర్చారు. నాకు జీవితంలో వచ్చిన ఒకే ఒక్క ప్రమోషను అది.

ధర్మలింగం గారు సంతృప్తిపడి సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని తీసుకుని మేడెక్కితే ఉమాకాంతం గారు కిందకి దిగివచ్చి సీలింగు కేసి చూసి నొచ్చుకున్నారు.

"రంధ్రములున్న సీలింగు సీలింగు కాదయ్యా, జల్లెడ. ప్రతి బాక్సూ శబ్దానికి ఒక ద్వారం. అదనపు పొర వేసి కప్పించు."

కప్పించాను. ఆయన అదే రోజు సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని పట్టుకుని లైసెన్సు గుమాస్తా దగ్గరికి వెళ్తే, రెండు సర్టిఫికెట్లూ ఒకే రోజున చెల్లుబాటులో ఉండాలన్నాడు. సీలింగులో మార్పు జరిగితే వెనకటిది చెల్లదు. అదనపు పొర వేసినందువల్ల ధర్మలింగం గారిది చెల్లలేదు. ధర్మలింగం గారు వచ్చి, బాక్సులు పొర వెనక పడిపోయాయనీ, కప్పబడిన బాక్సు బాక్సు కాదు ప్రమాదమనీ, సీలింగు మట్టానికి దించమనీ సెలవిచ్చారు. పైడయ్య మళ్లీ ముప్పై ఒక్క చోట్ల కోసి, పైపులు పెంచి, బాక్సులు కిందికి దించాడు. ధర్మలింగం గారు సర్టిఫికెట్ ఇచ్చారు. ఉమాకాంతం గారిది చెల్లలేదు.

నేను బడి మానేసినవాణ్నే గానీ ఇది ఎక్కడికి పోతుందో నాకు కూడా కనబడింది. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టాను. నా మేడ మీదే, నా కుర్చీల్లోనే, నేను తెప్పించిన గారెలు తింటూ కూర్చున్నారు. కొట్టుకుంటారేమో, ఒకడైనా గెలుస్తాడు, ఆ గెలిచినవాడి మాట వింటే సరిపోతుందని ఆశపడ్డాను. కొట్టుకోలేదు. ధర్మలింగం గారు చెప్పినది అక్షరాలా సబబేనని ఉమాకాంతం గారు అన్నారు. ఉమాకాంతం గారి విభాగం పట్ల తనకి అపారమైన గౌరవమని ధర్మలింగం గారు అన్నారు. అలాంటప్పుడు బాక్సులన్నీ పీకేసి, సీలింగు మూసేసి, లైట్లు గోడకి పెట్టుకుంటానండి అన్నాను. బాక్సు తీస్తే కంత మిగులుతుంది, కంత మూస్తే మరుగుపరచడమవుతుంది, అదీగాక గోడలు రెండో దశలో ఉన్నాయి. ఇద్దరూ ఒకేసారి చెప్పారు. ఆ ఒక్క విషయంలో వాళ్ల మధ్య ఎంత పొత్తుందో అప్పుడు తెలిసింది.

చివరికి సమన్వయ సంఘమని ఒకటి ఏర్పాటు చేసుకుని తీర్మానం చేశారు. పొర వేయడం, బాక్సు దించడం, రెండూ క్రమానుసారంగా జరుపుకుంటూ పోవలెను. ఎక్కడో ఒకచోట రెండూ కలుస్తాయి.

అవి కలిసే చోటు కోసం నా కప్పు దిగుతూ వచ్చింది. పొర మీద పొర అతికిస్తే రెండూ కలిసి ఒకటిగా మోగుతాయనీ, మధ్యలో అడుగు మందం గాలి ఒదలాలనీ ఉమాకాంతం గారికి కొత్త సర్క్యులర్ వచ్చింది. కాబట్టి ప్రతి పొరకీ కొత్త ఫ్రేము, ప్రతి ఫ్రేముకీ అడుగు జాగా. బాక్సు తీగకి వేలాడకూడదు, సొంత పైపు మీద నిలబడాలని ధర్మలింగం గారు. పైడయ్య పైపులు పెంచుకుంటూ పోయాడు. లోపలికి తల పెట్టి చూస్తే ములగచెట్టు కాసినట్టుండేది. పైడయ్య మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తన కూతురు పెళ్లి సామానంతా ఈ సీలింగులోంచే వచ్చిందని నాతోనే చెప్పాడు.

కప్పు పదకొండు అడుగులకి వచ్చేసరికి లిఫ్టు మీద కారు సగమే లేచింది. ఖాదర్ నడుం వంచి పనిచేశాడు. తొమ్మిదికి వచ్చేసరికి లిఫ్టు లేపితే కారు నెత్తి లైట్లకి తగిలింది. లిఫ్టు దించేసి దాని మీద సామాను పెట్టుకున్నాం. ఆనాడు ఖాదర్ మూలనున్న పాత గోనెపట్టా దులిపి, నేల మీద పరిచి, కారు కిందకి వెల్లకిలా దూరాడు. నేను చూడనట్టు స్పానర్లు సర్దుతూ కూర్చున్నాను. కాసేపటికి కారు కిందనుంచి అతని గొంతు వినబడింది.

"అన్నా, మీరు చిన్నప్పుడు పడుకున్నది ఇలాగేనా?"

ఇలాగేరా అన్నాను.

తర్వాత కార్లవాళ్లు మానేశారు. ఆటోలు వచ్చాయి. ఒక ఆటోడు లోపలికొచ్చి, ఏటి గురూ, గుహల్లోకి తెచ్చావు, ఇక్కడ దేవుడెక్కడున్నాడు అని అడిగాడు. ఆ తర్వాత ఆటోలు కూడా మానేసి స్కూటర్లు మిగిలాయి. నెత్తికి జానెడు పైన ముప్పై ఒక్క లైట్లు. ఖాదర్ తడి తువ్వాలు తలకి చుట్టుకునేవాడు. నేను హెల్మెట్ పెట్టుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాణ్ని. బ్యాంకువాడొకడు అది చూసి, భద్రతా నియమాలు పాటించే మెకానిక్‌ని మొదటిసారి చూస్తున్నానని మెచ్చుకున్నాడు.

ఇంత చేశాక శబ్దం తగ్గిందో లేదో చూడాలి కదా. ఒక రోజు నిర్ణయించి ఉమాకాంతం గారు మేడ మీద శబ్దం కొలిచే యంత్రం పెట్టుకుని కూర్చున్నారు. కింద ఖాదర్ రేకు మీద సుత్తితో కొట్టాడు. యంత్రంలో ఒక అంకె వచ్చింది. సుత్తి ఆపమన్నారు. అదే అంకె వచ్చింది. మళ్లీ కొట్టాడు, అదే. నేను మేడ మీదే నిలబడి చూస్తున్నాను. ఆయన కుర్చీ వెనక కిటికీ బార్లా తెరిచి ఉంది. దాని కింద లారీల స్టాండు.

"అయ్యా, ఆ కిటికీ మూస్తే?" అన్నాను.

"కిటికీ ఇంజనీరింగ్ విభాగం పరిధిలోనిది. పైగా మూస్తే సహజ పరిస్థితి దెబ్బతింటుంది," అని ఆయన యంత్రం కేసి విచారంగా చూశారు. "ఇంకా తగ్గలేదయ్యా సింహాచలం. మరో పొర తప్పదు."

ఆ పొరతో కప్పు ఐదడుగుల ఎనిమిదంగుళాలకి వచ్చింది. నేను ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషిని.

ఆ వారమే పట్టణ ప్రణాళిక అధికారిణి విశాలాక్షి గారు వచ్చారు. పొట్టి మనిషి కావడంతో, నా గ్యారేజీలో నిటారుగా నడిచిన అధికారి ఆవిడ ఒక్కరే. టేపు పెట్టించి, స్లాబుకీ సీలింగుకీ మధ్య ఎనిమిదడుగుల పైచిలుకు ఉందని తేల్చారు. ఏడడుగులు దాటిన ఖాళీ ఏదైనా నిబంధనల మేరకు అంతస్తు. నేను అనుమతి లేకుండా అంతస్తు కట్టాను. అందులోకి మెట్లు లేవు కదమ్మా, మనిషి పోడానికి దారి కూడా లేదు అన్నాను. దారి లేకుండా అంతస్తు కట్టడం అగ్నిమాపక నిబంధనల ఉల్లంఘన, అది వేరే చూసుకుందామన్నారు.

నాకు రెండు దార్లు ఇచ్చారు. అంతస్తు కూల్చేయడం ఒకటి. కూల్చితే అది నిశ్శబ్ద పట్టణ ప్రయోగానికి భంగం కలిగించడం, ఉమాకాంతం గారు ఊరుకోరు. అంతస్తుని మునిసిపాలిటీకి ఒప్పచెప్పడం రెండోది. ఒప్పచెపితే సీలింగు వరకూ నాది, సీలింగు పైన మునిసిపాలిటీది. బాక్సులు కప్పబడ్డాయా లేదా అన్నది అప్పుడు మునిసిపాలిటీ సొంత విషయం. మునిసిపాలిటీని మునిసిపాలిటీ తనిఖీ చేయనక్కర్లేదు. ఇద్దరు అధికారులూ ఒకే రోజు సర్టిఫికెట్లు ఇచ్చేస్తారు. సాయంత్రానికి లైసెన్సు.

మా ఇంటిది, సంతకం పెట్టకండి, వంగి బతకడం మొదలుపెడితే అంతులేదు అంది. ఖాదర్‌ని అడిగాను. లైసెన్సుంటే స్కూటర్లైనా ఉంటాయి కదన్నా అన్నాడు. సంతకం పెట్టాను. సాయంత్రానికి నిజంగానే లైసెన్సు వచ్చింది. ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు, వాళ్లు అన్నమాట ప్రకారం చేశారు.

మర్నాడు మునిసిపాలిటీ మనుషులొచ్చారు. మధ్యలో ఉన్న పొరలన్నీ తమ అంతస్తుకి అడ్డంగా ఉన్నాయని మధ్యాహ్నం భోజనాల వేళకల్లా పీకి పారేశారు. ఆ పైపులన్నీ కోసి ఇనప సామాను కొట్టుకి తోలేశారు. ఏ అధికారీ ఏ పొరనీ తలుచుకోలేదు. గర్డర్లు వేసి, చెక్కలు పరిచి, మేడ మీంచి మెట్లు దించుకున్నారు. నా నెత్తి మీద తయారైన ఆ గదిలో, ఊళ్లో లారీల దగ్గరా బస్సుల దగ్గరా పట్టుకున్న గాలి హారన్లన్నీ తెచ్చి పేర్చారు.

పట్టుకున్న వస్తువు పనిచేసే స్థితిలో భద్రపరచాలని నిబంధన. పనిచేస్తోందని తెలియాలంటే మోగించి చూడాలి. ప్రతి సోమవారం ఒక గుమాస్తా మెట్లు దిగి వచ్చి హారన్లన్నీ ఒక్కొక్కటే మోగించి, మోగినదానికి టిక్కు పెట్టుకునేవాడు. మొదటి సోమవారం ఉమాకాంతం గారి టేబుల్ మీద టీ గ్లాసు నడుచుకుంటూ వెళ్లి కింద పడింది. ఆయన యంత్రంలో ముల్లు చివరికి పోయి అక్కడే ఇరుక్కుపోయింది. అన్నాళ్లకి మొదటిసారి ఆ యంత్రం కిటికీలోంచి కాకుండా నేలలోంచి వచ్చిన శబ్దాన్ని పట్టుకుంది.

నోటీసు నాకు వచ్చింది. నేను వంగి వంగి మేడ మెట్ల దాకా నడిచి, అలవాటు కొద్దీ మెట్లు కూడా వంగే ఎక్కి, ఆ హారన్లు మీవేనండి, ఆ గది మీదేనండి అని చెప్పుకున్నాను. ఉమాకాంతం గారు దయగానే విన్నారు.

"శబ్దం చేయు సంస్థ అను నిర్వచనంలోకి ప్రభుత్వ స్థలం రాదు. ఆ నిర్వచనంలోకి వచ్చేది ఈ కట్టడంలో నీ గ్యారేజీ ఒక్కటే. కావున శబ్దం నీది."

లైసెన్సు రద్దు చేశారు. షట్టరుకి తాళం వేసి లక్క ముద్ర వేశారు. తర్వాతి నెలలో మా ఊరికి నిశ్శబ్దంలో రెండో ర్యాంకు వచ్చింది. చైర్మన్ గారికి సన్మానం చేసి, వేదిక మీద పెద్ద తెర పెట్టి, మూసి ఉన్న నా షట్టరు ఫొటో వేశారు. ఒకప్పుడు పట్టణంలో అత్యధిక శబ్దం చేసిన స్థలం, నేడు సంపూర్ణ నిశ్శబ్దం అని కింద రాసి ఉంది. చప్పట్లు కొట్టకూడదు గనక జనం చేతులు పైకెత్తి ఊపారు. పైడయ్యకి కూడా శాలువా కప్పారు.

ఖాదర్ ఇప్పుడు ఎదురుగా లారీల స్టాండులోనే, రేకుల షెడ్డులో ఎవరి దగ్గరో పనికి కుదిరాడు. ఉదయం అటు వెళ్తే అతని ముఖం కనబడదు. లారీ కిందనుంచి రెండు కాళ్లు కనబడతాయి. నన్ను నడక చప్పుడు బట్టి పోల్చుకుంటాడు. అన్నా అని పిలుస్తాడు. నేను ఆగను.

ఫిర్యాదుల రోజున ఒకసారి విశాలాక్షి గారి ముందు నిలబడి, నాకు జరిగిన నష్టానికి ఏదైనా ఇప్పించమ్మా అని అడిగాను. ఆవిడ చాలా మర్యాదగా, మీ నేలలో ఒక్క అంగుళం కూడా మేం ముట్టుకోలేదు, కావాలంటే కొలుచుకోండి అన్నారు. లక్క ముద్ర తీయకుండా షట్టరు పక్క తలుపులోంచి దూరి, టేపు పెట్టి కొలిచాను. ఆవిడ చెప్పింది నిజమే. నేలంతా ఉంది. పోయింది ముప్పై ఆరడుగుల పొడవున, ఇరవై రెండడుగుల వెడల్పున, ఎనిమిదడుగుల నాలుగంగుళాల ఎత్తు. గుణిస్తే ఆరువేల ఆరువందల ఘనపుటడుగులు.